భూదేవికి నడుము నొప్పి

ముద్దుకృష్ణ రాగిజావను ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తున్నాడు. మళ్లీ దాంట్లోంచి దీంట్లోకి. వేడి తగ్గాలి. తాత గొంతుకు వేడి పనికిరాదు. అలాగని పలుచగా ఉంటే పొలమారుతుంది. చెంచాతో ఎత్తితే చిక్కగా, బొట్టు బొట్టుగా జారాలి.

"ఆరిందా?" గదిలోంచి అమ్మ కేకేసింది.

"ఇంకా లేదమ్మా."

"ఎంతసేపురా? దాంతో ఆడుకుంటాండావా?"

ఆదివారం మధ్యాహ్నం. గదిలో అమ్మ మాలతి తాతను ఎడమపక్కకు తిప్పుతోంది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, పళ్లు బిగించి లాగుతోంది.

తాత పేరు రంగప్ప. ఉగాది వెళ్లిన వారానికి ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటా పోయింది. అవునంటే "ఊఁ", కాదంటే "ఊహూఁ". అంతే. రెండు గంటలకొకసారి పక్క తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయని డాక్టరు చెప్పాడు. పగలూ తిప్పాలి, రాత్రీ తిప్పాలి. వానలు లేక సేద్యం ఆగిపోయింది కాబట్టి నాన్న కుప్పంలో రాళ్ల క్వారీ పనికి వెళ్లాడు. పదిహేను రోజులకొకసారి వస్తాడు. పుంగనూరు ఇంట్లో మిగిలింది అమ్మ, తాత, ఆరో తరగతి చదివే ముద్దుకృష్ణ.

ఆ రోజు పాపక్క అత్త వచ్చి ఉంది. నాన్నకు అక్క. మదనపల్లెలో వాళ్లకు చీరల అంగడి ఉంది. నెలకొకసారి ద్రాక్షపండ్లు తీసుకుని తాతను చూడడానికి వస్తుంది. గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

అమ్మ నడుము పట్టుకుని లేచింది.

"వదినా, వచ్చే ఆదివారం ఒక్క పూట ఈడ ఉంటావా? మామ దగ్గర?"

"యాల? యాడికన్నా పోవాల్నా?"

"చౌడేపల్లె దాకా బస్సులో పోయి వస్తాను."

"ఆడ ఎవరుండారు?"

"ఎవరూ లేరు. ఊరికే."

"ఊరికేనా? పనేం లేదా?"

"పనేం లేదు వదినా. కిటికీ పక్కన కూసోని పోయి, మళ్లీ వస్తాను."

అత్త నవ్వింది. "బాగుందమ్మా. నువ్వు ఊరికే బస్సెక్కేదానికి నేను మదనపల్లె నుంచి పరిగెత్తుకోని రావాల్నా? ఆదివారమే గదా మాకు బేరాలు." అమ్మ ముఖం చూసి అత్త గొంతు మార్చింది. "అయినా నీకేం మాలతీ. భూదేవికి ఉండేంత ఓపిక నీది. అలుపు లేదు, కోపం లేదు. ఇంకొకతె అయితే ఎప్పుడో మూట సదురుకోని పుట్టింటికి పోయుండు. మా నాయన పుణ్యం చేసుకున్నాడు."

అమ్మ మంచం పక్కనున్న గిన్నె మూతను అందుకుంది. దాన్ని నేల మీద పెట్టింది. పెట్టడం కాదు, విసిరింది. అది గణగణమని తిరిగి తిరిగి పడింది.

నాలుగు గంటల బస్సుకు అత్త వెళ్లిపోయింది. ద్రాక్షపండ్లు తాతకు గొంతు దిగవు. ఎప్పటిలాగే ముద్దుకృష్ణ తిన్నాడు.

తింటూ వ్యాసం రాశాడు. బాలల దినోత్సవానికి బడిలో పోటీ పెట్టారు. 'నేను మెచ్చిన మనిషి.' ఎవరి గురించి రాయాలో రెండు రోజులుగా తోచలేదు. ఇప్పుడు తోచింది. భూదేవి మాట భలే ఉంది. అలుపు లేదు, కోపం లేదు. ఆ మాటలు కూడా రాసుకున్నాడు. ఇంకా కొన్ని తనే కలిపాడు. రెండు పేజీలు నిండాయి.

* * *

తెలుగు టీచరు వెంకటరత్నమ్మ ఆ వ్యాసం చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కింద ఎర్ర ఇంకుతో 'చాలా బాగుంది' అని రాశారు. పక్కన నక్షత్రం గుర్తు వేశారు.

"మొదటి బహుమతి ఇదే. బాలల దినోత్సవం మీటింగుకు మీ అమ్మను పిలుచుకుని రా ముద్దుకృష్ణా. అందరి ముందూ శాలువా కప్పుదాం."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. ముద్దుకృష్ణ చెవులు వేడెక్కాయి.

ఇంటికి పోయే దారిలో జాహిద్ అడిగాడు. వాళ్లిల్లు పక్క సందులోనే.

"మీ అమ్మకు కోపం రాదా ముద్దూ?"

"రాదు."

"మరి నిన్న పొద్దున అరిచింది ఎవరు? మా ఇంటిదాకా వినపడిందే. మా కోడి కూడా గమ్మునయిపోయింది."

"అది తాత మీద కాదు. నా మీద."

"నీ మీద వస్తే కోపం కాదా?"

"వ్యాసంలో అట్లా రాయకూడదురా."

"యాల?"

"మార్కులు పోతాయి."

జాహిద్ కాసేపు ఆలోచించాడు. "మా అమ్మ గురించి రాస్తే నాకు సున్నా వస్తాది," అన్నాడు.

శాలువా సంగతి ముద్దుకృష్ణ ఇంట్లో చెప్పలేదు. అమ్మ ఆశ్చర్యపోవాలి కదా.

"అమ్మా, గురువారం బడిలో మీటింగు. నువ్వు రావాల."

"నేనెట్ల వస్తాను? తాతను నువ్వు సంకనెత్తుకోని తెస్తావా?"

"ఒక్క గంటేనమ్మా."

"ఆ గంట నాకెవరిస్తారు? పోరా, పోయి నీళ్లు పట్టు."

మరుసటి రోజు ముద్దుకృష్ణ తల వంచుకుని టీచరుతో చెప్పాడు, అమ్మ రాలేనందని. వెంకటరత్నమ్మ టీచరుకు అది ఇంకా నచ్చింది.

"చూశారా పిల్లలూ, సేవ వదిలి సన్మానానికి కూడా రానంటోంది ఆ తల్లి. అయితే మనమే పోదాం."

* * *

గురువారం మధ్యాహ్నం ఇరవై మంది పిల్లలు వరసగా నడిచారు. అందరి చొక్కాలకూ గులాబీలు. ముందు టీచరు, పక్కన ముద్దుకృష్ణ. టీచరు చేతిలో జరీ అంచు ఉన్న నారింజరంగు శాలువా.

ఇల్లు చేరేసరికి ఫినాయిలు వాసన వస్తోంది. తాత పక్క పాడు చేశాడు. అమ్మ ఆయన్ను తుడిచి, గుడ్డ మార్చి, పెరట్లో బండ మీద దుప్పటి ఉతుకుతోంది. చీర మోకాళ్ల పైకి దోపుకుని ఉంది. చేతులు మోచేతుల దాకా సబ్బు నురుగు. జుట్టు ఊడి ముఖం మీద పడుతోంది. ఇంతమందిని చూసి గబగబా చీర దించుకుంది.

"ఏమైంది? పిల్లోడు ఏం చేసినాడు?"

"మంచి పనే చేశాడమ్మా," అన్నారు టీచరు. తడి భుజాల మీద శాలువా కప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "నీ వ్యాసం చదువు నాయనా. మీ అమ్మ వినాలి."

ముద్దుకృష్ణ కాగితం విప్పాడు. గొంతు పెంచి చదివాడు.

"మా అమ్మ పేరు మాలతి. మా అమ్మ భూదేవి లాంటిది. ఆమెకు అలుపు రాదు. నడుము నొప్పి రాదు. ఎంత పని చేసినా కోపం రాదు. ఏడు నెలలుగా ఒక్క రోజు కూడా ఇల్లు కదలలేదు. కదలాలని ఆమెకు అనిపించదు. తాతకు సేవ చేయడమే మా అమ్మకు సంతోషం..."

"ఆపు," అంది అమ్మ.

ముద్దుకృష్ణ వినిపించుకోలేదు. ఇంకో పేజీ ఉంది.

"ఆపమన్నానా?"

ఆపాడు.

"నాకు ఇల్లు కదలాలని లేదని ఎవరు చెప్పినారు నీకు?"

ముద్దుకృష్ణ చేతిలోని కాగితం మడిచాడు.

"మొన్న వదినను అడిగినప్పుడు నువ్వు ఆడనే ఉండావు గదా. జావ ఆరబోస్తాన్నావు. సెవుల్లేవా నీకు?"

"అమ్మా..."

"భూదేవి అంట. భూదేవికి నడుము నొప్పి ఉండాదో లేదో ఎవరన్నా పోయి అడిగినారా? అందరూ దాన్ని తొక్కుకుంటా తిరిగేవాళ్లే. తొక్కేది తొక్కి, ఎంత ఓపికమ్మా నీకు అంటారు." అమ్మ శాలువా తీసింది. చేతి నురుగు అంటకుండా రెండు వేళ్లతో పట్టుకుని టీచరుకు చాచింది. "టీచరమ్మా, మీ మీద కోపం లేదు. ఇది నాకొద్దు. ఇంతమంది వచ్చినారు. మీలో ఒక్కరు, ఒక్క గంట, ఆ మంచం కాడ కూసుంటే నేను తలకు నీళ్లు పోసుకుందును. తలకు పోసుకోని పన్నెండు దినాలయింది."

టీచరు శాలువా అందుకున్నారు. "అది కాదు మాలతీ..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఏది కాదో ఆమెకూ తెలియలేదు. పిల్లల వైపు తిరిగి, "పదండి," అన్నారు.

పోతూ పోతూ జాహిద్ వెనక్కి చూశాడు. వాడు నవ్వి ఉంటే ముద్దుకృష్ణకు కొంచెం బాగుండేది. నవ్వలేదు.

* * *

అందరూ పోయాక ముద్దుకృష్ణ చొక్కాకున్న గులాబీని పీకి పెరట్లోకి విసిరేశాడు.

"నా పరువు తీసేసినావు. ఇంక నేను బడికి పోను."

"పోవద్దు."

"నీ గురించి మంచిగా రాసినా. అయినా తిట్టినావు. అందరి ముందర."

"మంచిగా రాసినావా? నిజం రాసినావా?"

"జాహిద్‌వాళ్ల అమ్మ అయితే ఇట్లా చేయదు."

అమ్మ కళ్లు ఎర్రగా అయ్యాయి. వంటింట్లోకి పోయి జావ గ్లాసు, చెంచా తెచ్చి వాడి చేతుల్లో పెట్టింది.

"సరే. ఈ పొద్దు నువ్వే భూదేవి. ఇంద. మూడు గంటలైంది. ఐదు గంటల దాకా నేను వాకిట్లో మెట్టు మీద కూసుంటా. నన్ను పిలవొద్దు."

అమ్మ పోయి మెట్టు మీద కూర్చుంది. వీపు ఇటు, ముఖం వీధి వైపు.

జావ తాగించడం ఎంత పని? రోజూ చూసేదేగా. ముద్దుకృష్ణ మంచం పక్కన కూర్చుని తాత తల కింద దిండు ఎత్తు చేశాడు.

"తాతా, తాగు."

తాత కళ్లలో నీళ్లున్నాయి. తలుపు పక్కనే మంచం. పెరట్లో చప్పట్లు, చదివిన వ్యాసం, అమ్మ మాటలు అన్నీ ఆయనకు వినపడ్డాయి. ముద్దుకృష్ణ అది ఆలోచించలేదు. చెంచా నోటి దగ్గర పెట్టాడు.

"ఊహూఁ."

"తాగు తాతా."

"ఊహూఁ."

మూడోసారి తాత ఎడమ చేత్తో చెంచాను కొట్టాడు. జావ ముద్దుకృష్ణ చొక్కా మీద చిందింది. మీటింగుకని ఇస్త్రీ చేసుకున్న తెల్ల చొక్కా. తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఈసారి తాత నోట్లోకి తీసుకుని తుపుక్కున ఉమ్మాడు. ముఖం మీద పడింది. కంట్లో పడింది.

ఈయన వల్లే అంతా. ఈయన వల్లే అమ్మ మీటింగుకు రాలేదు. ఈయన వల్లే ఇంట్లో ఎప్పుడూ అరుపులు. ముద్దుకృష్ణ ఒక చేత్తో తాత దవడ గట్టిగా పట్టుకున్నాడు. తల వెనక్కి వంచాడు. గ్లాసు ఎత్తి నేరుగా నోట్లో పోశాడు.

"తాగు. తాగమంటాంటే."

తాతకు పొలమారింది. దగ్గు రావాలి, రాలేదు. కళ్లు పెద్దవయ్యాయి. ఎడమ చెయ్యి గాల్లో దేనికోసమో వెతికింది. ముఖం నల్లబడింది.

"అమ్మా!"

అమ్మ ఎప్పుడు వచ్చిందో తెలియదు. తాతను లేపి ముందుకు వంచి, వీపు మీద అరచేత్తో చరిచింది. ఒకటి, రెండు, మూడు. జావ బయటికి వచ్చింది. తర్వాత ఊపిరి వచ్చింది. ఈల వేసినట్టు వచ్చింది. ఆ తర్వాత దగ్గు. ఆ దగ్గు అంత మంచి చప్పుడు అని ముద్దుకృష్ణకు అంతకుముందు తెలియదు.

వాడు మూలకు పోయి నిలబడ్డాడు. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. దెబ్బలు పడతాయని ఎదురుచూశాడు.

అమ్మ తాత నోరు తుడిచింది. పడుకోబెట్టి వీపు రాసింది. ఆయన ఊపిరి కుదుటపడ్డాక నేల మీద కూలబడింది.

"కోపం వచ్చిందా?" అని అడిగింది.

ముద్దుకృష్ణ చేతిలోని గ్లాసు వైపు చూశాడు.

"నిన్నే అడుగుతాండా. వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"ఎంత?"

"కొట్టాలన్నంత." అని వాడు ఏడ్చేశాడు.

అమ్మ దగ్గరికి తీసుకోలేదు. గ్లాసు అందుకుని వాడి ముందు తిప్పింది. అడుగున పెద్ద సొట్ట. "ఇది యాడిది?"

"కింద పడిందన్నావు."

"అబద్ధం చెప్పినా. గోడకేసి కొట్టినా. వినాయక చవితి నాడు మీ తాత ఇట్లనే నా మొగాన ఉమ్మినాడు. ఇంకొక నిమిషం ఈడనే ఉంటే గ్లాసు తగిలేది గోడకు కాదు. అందుకే పెరట్లోకి పోయినా. ఉతికిన గుడ్డలనే తీసి మళ్లీ ఉతికినా. కోపం పోయేదాకా ఉతికినా."

"నీకు కూడా..."

"దినామూ వస్తాది. నీకు వచ్చినంతే వస్తాది. తాత మంచోడు కాదని కాదు. నేను చెడ్డదాన్ననీ కాదు. ఒళ్లు అలిసిపోతే వస్తాది. వచ్చినప్పుడు లేసి అవతలికి పోవాల. పోవాలంటే ఆ పొద్దు మంచం కాడ ఇంకో మనిషి ఉండాల. నాకెవరుండారు?"

ముద్దుకృష్ణ కళ్లు తుడుచుకున్నాడు.

"ఓపిక అయిపోతాదిరా. ఈ గ్లాసులో జావ అయిపోయినట్టే అయిపోతాది. మళ్లీ కాసుకోవాల. కాసుకునేదానికి నాకు పొద్దియ్యరు. ఖాళీ గ్లాసును చూసి, ఎంత నిండుగా ఉండాదో అంటారు. నువ్వు గూడా అన్నావు."

అమ్మ లేచి మళ్లీ జావ కాచడానికి పోయింది. ముద్దుకృష్ణ మంచం దగ్గరికి వెళ్లాడు.

"తాతా, తప్పయింది."

తాత ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

* * *

మరుసటి రోజు వెంకటరత్నమ్మ టీచరు నోటుపుస్తకం తిరిగి ఇచ్చారు. 'చాలా బాగుంది' అన్న మాటను ఆవిడే కొట్టేశారు. నక్షత్రాన్ని కూడా. "నేనూ ఒక్క ప్రశ్న అడగలేదు నిన్ను," అన్నారు.

సాయంత్రం ముద్దుకృష్ణ జాహిద్‌వాళ్ల నాన్న బాబు సాహెబ్ టెలిఫోన్ బూత్‌కు పోయాడు. మదనపల్లె అంగడి నంబరు చీటీ మీద రాసుకుని వచ్చాడు. జాహిద్ నంబరు కలిపి రిసీవరు ఇచ్చాడు.

"అత్తా, నేను ముద్దుకృష్ణను."

"ఏమైంది? మా నాయనకేమన్నా..."

"తాత బాగుండాడు. నువ్వు ఆదివారం రావాల."

"మొన్ననే గదరా వచ్చినా."

"చూసేదానికి కాదు. ఉండేదానికి. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండాల. ద్రాక్ష తేవొద్దు. తాతకు గొంతు దిగదు. ఎప్పుడూ నేనే తింటాండా."

"మీ అమ్మ చెప్పిచ్చిందా?"

"అమ్మకు తెలీదు. తెలిస్తే కొడతాది."

"అయితే నువ్వు పిల్లోడివి, పిల్లోడి మాదిరి ఉండు. మా నాయనను సూసుకునేది నాకు నేర్పిస్తావా? నాకు తెల్దా?"

"తెల్దు అత్తా," అన్నాడు ముద్దుకృష్ణ. "నాకూ తెలీదు. నిన్న కోపంలో తాతకు పొలమార్చినా. ఊపిరి ఆగిపోయింది. అమ్మ వచ్చింది కాబట్టి సరిపోయింది. అమ్మకు కోపం రాదని నువ్వు చెప్పినావు, నేను రాసినా. ఇద్దరం అబద్ధమే చెప్పినాము. నువ్వు రా. జావ ఎట్ల తాగించాల్నో నేను చూపిస్తా."

టక్కుమని ఫోను ఆగిపోయింది.

"ఏమందిరా?" అడిగాడు జాహిద్.

"తిట్టింది."

"వస్తాదా?"

"తెలీదు."

"మా అమ్మ తిట్టినాకనే అన్నీ చేస్తాది," అన్నాడు జాహిద్. "తిట్టకపోతే ఆశ వదులుకోవాల్సిందే."

శనివారం సాయంత్రం దాకా మనసులో పెట్టుకుని, చివరికి ముద్దుకృష్ణ అమ్మకు చెప్పేశాడు. అమ్మ చేతిలో సంగటి కెలికే తెడ్డు ఉంది. దాన్ని ఎత్తింది.

"నన్నడక్కుండా ఫోన్ చేయమని ఎవరు చెప్పినారు నీకు? ఊరికంతా చెప్పినావు, చాలలేదా? ఇప్పుడు మదనపల్లెకు గూడానా? నేను అడుక్కున్నట్టు గాదా అది?"

"అమ్మా, కోపమొస్తే అవతలికి పో. తాత దగ్గర నేనుండా."

అమ్మ తెడ్డు పట్టుకుని అలాగే నిలబడింది. కొడదామా వద్దా అన్నట్టు వాడి వైపు చూసింది. తర్వాత తెడ్డును గిన్నెలో పడేసి పెరట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు.

* * *

ఆదివారం ఎనిమిది గంటల బస్సు వచ్చింది. అత్త రాలేదు. ముద్దుకృష్ణ, అమ్మ కలిసి తాతను పక్క తిప్పారు. భుజం అమ్మ పట్టుకుంది, తుంటి వాడు పట్టుకున్నాడు. ఇద్దరూ పట్టుకుంటే అంత బరువు లేదు. తాత వాడి ముఖం చూడలేదు.

తొమ్మిదిన్నరకు వాకిట్లో చెప్పుల చప్పుడైంది. అత్త. చేతిలో పండ్ల సంచి లేదు. ముఖం కందగడ్డలా ఉంది.

"యాడమ్మా నీ కొడుకు? నాకు పాఠం చెప్తానన్నాడు. చెప్పించుకునేదానికి వచ్చినా."

అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ముద్దుకృష్ణ జావ ఆరబోసి తెచ్చాడు.

"అత్తా, ఈ పక్క కూసో. ఎడమ పక్కే తాగించాల. కుడి పక్క పెదవి మూసుకోదు."

"తెలుసులే."

"అర చెంచానే. మింగినాడా లేదా అని గొంతు చూసుకోవాల. తర్వాతే ఇంకొకటి."

అత్త చెంచా నిండా తీసుకుంది. అమ్మ చెయ్యి ముందుకు లేచింది. "వదినా, అంత కాదు..."

"అమ్మా, నేను చెప్తాండా గదా," అన్నాడు ముద్దుకృష్ణ. అమ్మ చెయ్యి దించుకుంది.

"తాగు నాయనా," అంది అత్త.

"ఊహూఁ."

"యాల ఊహూఁ? అంత దూరం నుంచి వచ్చినా. నేను నీ బిడ్డను కాదా?"

"ఊహూఁ."

తాత మూతి తిప్పుకున్నాడు. అత్త చెంచా బలవంతంగా పెట్టబోయింది. ఆయన ఉమ్మాడు. కొత్త చీర మీద జావ మరకలు పడ్డాయి. అత్త ముఖం ఎర్రబడింది. ఇంకో చేత్తో తాత దవడ పట్టుకుంది. ఆ పట్టు ముద్దుకృష్ణకు తెలుసు. మూడు రోజుల కింద అది తన చేతిలోనే ఉంది.

"అత్తా, చెంచా ఇట్లియ్యి. లేసి వాకిట్లోకి పో. కొంచేపు నిలబడి రా."

"నన్ను పొమ్మంటావా?"

"కోపం పోయినాక రా. అంతదాకా నేను పట్టుకుంటా."

అత్త వాడి చొక్కా మీది పాత జావ మరకలు చూసింది. అమ్మ వైపు చూసింది. చివ్వున లేచి వాకిట్లోకి పోయింది.

ముద్దుకృష్ణ తాత మెడ కింద అరచెయ్యి పెట్టాడు. తొందరపెట్టలేదు. అర చెంచా జావ ఎత్తి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. చెయ్యి నొప్పి పుట్టింది. తాత కళ్లు మెల్లగా వాడి వైపు తిరిగాయి.

"ఊఁ," అన్నాడు తాత.

నోరు కొంచెం తెరిచాడు.

ఐదో చెంచా దగ్గర అత్త తిరిగి వచ్చింది. ముఖం కడుక్కుని వచ్చింది. చీర మరకలు కడుక్కోలేదు.

"దినానికి ఎన్ని తూర్లురా ఇట్ల?"

"ఐదు తూర్లు."

"ఏడు నెలలనుంచి..." అని అమ్మ నిలబడిన చోటు వైపు తిరిగింది. అమ్మ అక్కడ లేదు. అత్త వంగి చెంచా అందుకుంది. ఈసారి సగమే తీసింది. తాత గొంతు కదిలేదాకా ఆగింది.

"బాగుందా?" అని వాణ్ని అడిగింది. గొంతులో ఇంకా కోపం ఉంది.

"బాగుంది. పదకొండుకు మాత్ర. పన్నెండుకు పక్క తిప్పేది. అప్పుడు ఇద్దరం పట్టుకుందాం."

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు వినపడింది. చాలాసేపు వినపడింది. తర్వాత అమ్మ నీలం చీర కట్టుకుని వచ్చింది. తడి జుట్టు వీపు మీద వదిలేసి ఉంది. చేతిలో చిన్న సంచి. గది గుమ్మంలో నిలబడి గడియారం చూసింది. మాత్రల డబ్బా చూసింది. తాత గొంతు చూసింది. నోరు తెరిచింది.

ముద్దుకృష్ణ తల ఎత్తలేదు. వాడి చెయ్యి తాత మెడ కింద ఉంది, కళ్లు చెంచా మీద ఉన్నాయి.

అమ్మ నోరు మూసుకుంది.

"యాడి..." అనబోయింది అత్త. బయలుదేరే మనిషిని అలా అడగకూడదు. ముద్దుకృష్ణ అత్త మోచెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. అత్త ఆగిపోయింది.

అమ్మ చెప్పులు వేసుకుంది. పోయొస్తానని కూడా అనలేదు. గడప దాటి, మెట్టు దిగి, బస్టాండు వైపు నడిచింది.